కట్టడాన్ని చదవడం – 4వ పాఠం: 33 స్తంభాల ఇల్లు

కిందటి పాఠంలో గ్రీకు స్తంభాల్లో మూడు రకాలైన డోరిక్, అయానిక్, కొరింథియన్ తలకట్లు (స్తంభం తలమీద చెక్కిన భాగాలు) చూశాం. ఈసారి వాటిని వాషింగ్టన్ డీసీ 16వ వీధిలోని హౌస్ ఆఫ్ ద టెంపుల్ మీద ప్రయోగిద్దాం. ఫ్రీమేసన్లు (మేసన్లు) అనే సోదర సంఘంలో స్కాటిష్ రైట్ అనే విభాగపు దక్షిణ శాఖకు ఇది ప్రధాన కార్యాలయం. వాస్తుశిల్పి జాన్ రస్సెల్ పోప్. 1911లో శంకుస్థాపన, 1915లో ప్రారంభం. ముందువైపు ఫొటో ఒకటి పెద్దది చేసి పెట్టుకోండి.

స్తంభాలు తర్వాత లెక్కపెడదాం, ముందు తలకట్టు చూడండి. పొట్టేలు కొమ్ముల్లా రెండు చుట్టలుంటే అయానిక్. చుట్టల కింద గుబురుగా ఆకులుంటే అయానిక్ కాదు. ఫొటోలో తల మసకగా ఉంటే బోదె (తలకట్టు కింద స్తంభపు పొడుగు భాగం) మీది నిలువు గాడులు చూడండి: డోరిక్‌లో గాడికీ గాడికీ మధ్య అంచు కత్తిలా ఉంటుంది, అయానిక్‌లో సన్నటి చదును పట్టీ. ఇక్కడున్నవి అయానిక్.

ఇప్పుడు స్కేలు తీయండి. బోదె అడుగున వెడల్పు కొలిచి, స్తంభం ఎత్తును దానితో భాగిస్తే సుమారు 9 రావాలి. 6, 7 వచ్చిందా? కెమెరా కింద నుంచి పైకెత్తి తీసిన ఫొటో అయ్యుండాలి, లేదా బోదె బదులు దాని కింద ఉబ్బుగా ఉండే పీఠాన్ని కొలిచుండాలి. ఎక్కువమంది చేసేది రెండో తప్పే.

పైన ముక్కోణపు కప్పు లేదు, మెట్లమెట్లుగా పిరమిడ్ ఉంది. అంటే నమూనా గ్రీకు గుడి కాదు, సమాధి: నేటి టర్కీలోని బోద్రుమ్‌లో క్రీ.పూ. 4వ శతాబ్దంలో కట్టిన, మౌసోలస్ అనే పాలకుడి సమాధి. దానికి 36 స్తంభాలు, 24 మెట్ల పిరమిడ్ అని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. పోప్ 33 స్తంభాలే పెట్టాడు, ఒక్కో స్తంభం ఎత్తు కూడా 33 అడుగులే. స్కాటిష్ రైట్‌లో డిగ్రీలు (సభ్యుల అంతస్తులు) 33 కాబట్టి ఇది కావాలని చేసిందే.

గుమ్మం ముందు మెట్లు 3, 5, 7, 9 చొప్పున గుంపులుగా ఉన్నాయి. కూడితే 24, ప్లీనీ చెప్పిన 24! ఇక్కడే జారిపడతారు. 3, 5, 7 మేసన్లు వాడే సంఖ్యలే, కానీ కూడింది మనం. నోటుబుక్కులో రెండు గళ్లు గీసి ‘కట్టినవాళ్లు పెట్టింది’, ‘నేను కూడింది’ అని రాసుకోండి. 24 రెండో గడిలోకి పోతుంది.

మెట్లకు అటూ ఇటూ ఉన్న సింహికలు (మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న స్ఫింక్స్ విగ్రహాలు) శిల్పి ఏ.ఏ. వైన్‌మన్ చేసినవి. కళ్లు అరమూసినది జ్ఞానం, తెరిచినది శక్తి.

ఇంటిపని: వాషింగ్టన్‌లోనే 1943లో ప్రారంభమైన జెఫర్సన్ మెమోరియల్ కూడా పోప్‌దే. నమూనా రోమ్‌లోని పాంథియన్ అనే పాత గుడి, దాని ముఖమండప స్తంభాలు కొరింథియన్ (తలకట్టు నిండా ఆకులున్నవి). పోప్ వాటినే ఉంచాడా, మార్చాడా? తలకట్టు చూసి చెప్పండి. గుండ్రటి కట్టడం కాబట్టి అంచుల దగ్గర స్తంభాలు ఒత్తుగా కనిపిస్తాయి. కొలత మాత్రం మధ్యలో ఉన్నవాటి మీదే తీయండి.