గోల్ఫ్ స్వింగ్: మోచేతిని తిట్టే ముందు కాళ్ల కింద చూడండి

విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి నాకు వచ్చే వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఏడో ఐరన్ అనే మధ్యస్థ దూరపు గోల్ఫ్ కర్రతో ఒక షాట్ కొడతారు, ఆ కర్ర (క్లబ్) బంతికి తగిలేచోట వీడియో ఆపుతారు, ఎడమ మోచేయి చుట్టూ ఎర్ర గీత గీసి పంపిస్తారు. "మాస్టారూ, ఈ చెయ్యి ఎందుకిలా వంగిపోతంది?" అని అడుగుతారు.

క్లబ్‌కి బంతి అంటుకుని ఉండేది సుమారు అర మిల్లీసెకను. ఆ కాస్తలో చేతిని సరిచేయడం ఎవరి తరమూ కాదు. అక్కడ కనిపించే వంకర అంతకుముందే మొదలై ఉంటుంది, కాబట్టి వెతకాల్సింది వెనక్కి వెళ్లి. కింద రాసినదంతా కుడిచేతి వాటం వాళ్లకి, నేల మీది బంతిని ఐరన్‌తో కొట్టేటప్పటికి. టీ అనే చిన్న మేకు మీద పెట్టి, ఎక్కువ దూరానికి వాడే డ్రైవర్ క్లబ్‌తో కొట్టే లెక్క వేరు, దాన్ని ఇందులో కలపకండి.

సరిగ్గా ఉంటే ఎలా ఉంటుంది

చాలామంది మొదట నిలబడ్డ భంగిమకే తిరిగి రావాలని చూస్తారు. అది తప్పు. బంతి తగిలే వేళకి బరువులో ఎక్కువ భాగం ఎడమ కాలి మీదకి వచ్చేసి ఉంటుంది. కుడి మడమ కొద్దిగా లేస్తుంది. బెల్టు బకిల్ బంతిని దాటి లక్ష్యం వైపు తిరుగుతూ ఉంటుంది, భుజాలు అంతకన్నా తక్కువ తిరిగి ఉంటాయి. చేతులు బంతికన్నా ముందు, ఎడమ తొడ ఎదురుగా ఉంటాయి. ఎడమ మణికట్టు చదునుగా ఉంటుంది, కుడి మణికట్టు ఇంకా వెనక్కి వంగే ఉంటుంది, కుడి మోచేయి తుంటికి దగ్గరగా ఉంటుంది. తల బంతికి కొంచెం వెనకే.

అందరూ దాటేసే చెక్

గ్రిప్పు, అంటే క్లబ్‌ని పట్టుకునే తీరు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది గానీ మళ్లీ చెప్తున్నాను. బంతి ముందు నిలబడి ఎడమ చేతి వైపు చూడండి, రెండు పిడికిలి కణుపులు కనిపించాలి. ఒకటే కనిపిస్తే కిందికి వచ్చేసరికి క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) తెరుచుకుని, అంటే కుడివైపు తిరిగి ఉంటుంది. బంతి కుడివైపు పోకూడదని ఒళ్లు తిరగడం ఆపేసి, కుడి మణికట్టుతో ఫేస్‌ను తిప్పేస్తారు. లేకపోతే ఎడమ మోచేతిని బయటికి లాగుతారు. రెండూ మీరు అనుకుని చేసేవి కావు, తెరుచుకున్న ఫేస్ మీతో చేయించేవి.

రెండోది బంతి ఉన్న చోటు. ఏడో ఐరన్‌కి పాదాల మధ్యకి గానీ, అక్కడి నుంచి ఒక బంతి వెడల్పు ఎడమకి గానీ ఉండాలి. కళ్లతో అంచనా వేయకండి. బంతి దగ్గర నుంచి మీ పాదాల మధ్యకి వచ్చేలా నేల మీద ఒక క్లబ్ పడుకోబెట్టి, పాదాలు ఎక్కడున్నాయో చూడండి. ఈ రెండూ చూడటానికి నిమిషం చాలు. ఆ నిమిషం పెట్టకుండా మోచేయి సరవ్వాలని నెలల తరబడి చంకలో తువ్వాలు పెట్టుకుని కొట్టేవాళ్లున్నారు.

బంతి పైకి లేస్తుంది, దూరం పోదు

చేతులు బంతి దగ్గర ఆగిపోయి క్లబ్ తల వాటిని దాటేస్తోంది. బంతిని గాల్లోకి ఎత్తాలనే తాపత్రయం వల్ల వచ్చేది ఇది. ఎత్తే పని క్లబ్ ముఖానికున్న వాలు చూసుకుంటుంది. గోనెసంచిలో పాత బట్టలు కుక్కి మూతి కట్టి బంతి చోట పెట్టండి. ఇసుక మాత్రం నింపకండి, మణికట్టు పోతుంది. సగం వేగంతో సంచికి కొట్టి, తగిలినచోటే ఆగి కిందికి చూడండి. ఎడమ మణికట్టు చదునుగా ఉందా, చేతులు ముందున్నాయా, బరువు ఎడమ కాలి మీదుందా? లేకపోతే అలా ఆగిన భంగిమలోనే సరిచేసుకుని సంచిని నెమ్మదిగా నెట్టండి. ఆ నెట్టేటప్పుడు ఒంట్లో తెలిసేదాన్నే తర్వాత స్వింగ్‌లో వెతుక్కోవాలి.

ఎడమ మోచేయి రెక్కలా బయటికి వంగుతుంది

గ్రిప్పు సరిచేశాక కూడా వంగుతోందంటే మీరు క్రికెటరా అని అడుగుతాను. అయోధ్య మైదానంలోనో, కోడి రామ్మూర్తి స్టేడియంలోనో బ్యాట్ పట్టి పెరిగినవాళ్లకి స్ట్రెయిట్ డ్రైవ్‌లో ఎడమ మోచేయి ఎత్తి, బ్యాట్ ముఖాన్ని బౌలర్ వైపే నిలపడం అలవాటు. క్రికెట్‌లో అది అందం. గోల్ఫ్‌లో మోచేయి నేల వైపు చూడాలి, బంతి వెళ్లాక ముంజేతులు తిరగాలి. కుడిచేతిని వదిలేసి, ఎడమచేత్తో మాత్రమే క్లబ్‌ను పిడి కింది భాగంలో పట్టుకుని నడుము ఎత్తు వరకు ఊపండి. బంతి చోటు దాటాక క్లబ్ ముక్కు (తల కొస) ఆకాశం వైపు చూస్తే ముంజేయి తిరిగినట్టు.

నడుము బంతి వైపు తోసుకొస్తుంది, షాంక్ అవుతుంది

షాంక్ అంటే బంతి ఫేస్‌కి కాక, క్లబ్ తల కర్రతో కలిసే మెడకి తగిలి పక్కకి పోవడం. బంతికి మరీ దగ్గరగా నిలబడ్డారా, బరువు కాలివేళ్ల మీదుందా చూసుకోండి. పిరుదులు గోడకి ఆనించి నిలబడి, క్లబ్ లేకుండా చేతులు కట్టుకుని తిరగండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడివైపు, కిందికి వచ్చేటప్పుడు ఎడమవైపు గోడకి తగులుతూ ఉండాలి. దీనికి ఇంతకన్నా పెద్ద వైద్యం లేదు.

ఇంట్లో బాగా తగులుతుంది, కోర్సులో తగలదు

అసలు దొంగ ఇక్కడుంటాడు.

నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది వారమంతా డాబా మీద నెట్ కట్టుకుని, ప్లాస్టిక్ గడ్డి మ్యాట్ వేసుకుని కొడతారు. ఆదివారం తెల్లారగట్ల కారెక్కి విశాఖలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సుకి వెళ్తారు. తిరిగొచ్చి ఒకటే మాట: "ఇంటికాడ బాగానే తగుల్తంది మాస్టారూ, అక్కడికెళ్తే ఏటవుతందో తెలీదు." వీడియో చూస్తే మోచేయి వంగి ఉంటుంది, చేతులు పైకి లాక్కుని ఉంటాయి, ఒళ్లు నిటారుగా లేచి ఉంటుంది. చూసిన ప్రతివాడూ చేతి మీదే పడతాడు. తప్పు మ్యాట్‌ది.

మ్యాట్ రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఒకటి, క్లబ్ బంతికి 2 అంగుళాల వెనక నేలకి తగిలినా మ్యాట్ మీద అది దిగబడదు, జారి బంతికి తగులుతుంది. చప్పుడు బాగుంటుంది, బంతి నాలుగడుగుల్లో నెట్‌కి తగిలి పడిపోతుంది కాబట్టి దూరం తెలియదు. అదే స్వింగ్ గడ్డి మీద వేస్తే క్లబ్ బంతి వెనకే మట్టిలో దిగబడుతుంది. నాలుగైదు సార్లు అలా అయ్యాక ఒళ్లు నేలంటే భయపడుతుంది, చేతులు వాటంతటవే ముడుచుకుంటాయి. మీరు చూస్తున్న వంగిన మోచేయి అదే.

రెండోది ఇంకా నక్కజిత్తులది. చిన్న మ్యాట్ కొంటారు, బంతి దాని మీద, పాదాలు డాబా గచ్చు మీద. మ్యాట్ మందం అంగుళం ఉంటే బంతి పాదాలకన్నా అంగుళం ఎత్తులో ఉన్నట్టు. వారమంతా ఆ ఎత్తుకి అలవాటుపడ్డ చేతులు ఆదివారం చదును నేల మీద అంగుళం పైనుంచే పోతాయి, క్లబ్ బంతి పైభాగానికి తగులుతుంది. అప్పుడు "తల లేపుతున్నావు" అని పక్కవాళ్లు సలహా ఇస్తారు. తల బంగారంలా ఉంటుంది.

పాదాల కింద అదే మందం ఉన్న ప్లైవుడ్ ముక్కో, ఇంకో మ్యాటో వేయండి. కదలకుండా, జారకుండా చూసుకోండి.

మొదటి మోసం పట్టుకోవడానికి ఇంట్లో ముగ్గుపిండి ఉంటుంది కదా, అది చాలు. మ్యాట్ మీద మీ ఛాతీకి ఎదురుగా, క్లబ్ వెళ్లే దారికి అడ్డంగా సన్నటి గీత వేయండి. బంతి వద్దు. గీత మీద బంతి ఉన్నట్టే నిలబడి ఊపండి. పిండి చెదిరిన మచ్చ గీత దగ్గర మొదలై ఎడమవైపు సాగాలి. గీతకి కుడివైపున మొదలైతే గడ్డి మీద మీరు మట్టి తవ్వుతారు, ఇంట్లో చప్పుడు ఎంత బాగున్నా సరే. గీత చెదరకుండా ఉందంటే గాల్లో ఊపుతున్నారు.

ఇదే పరీక్ష పెరట్లో మెత్తటి మట్టి మీద చేస్తే ఇంకా నిక్కచ్చి, మట్టి అబద్ధం చెప్పదు. చింతపల్లి బీచ్‌లోనో కళింగపట్నంలోనో తడి ఇసుక మీద కాలితో గీత గీసినా సరిపోతుంది. అక్కడ ఊపే ముందు చుట్టూ మనుషులు లేకుండా చూసుకోండి, బంతి అసలు పెట్టకండి. మంచి ఐరన్ షాట్‌లో స్వింగ్ అట్టడుగు బంతికన్నా ముందుంటుంది, అంటే గుంట లోతైన చోటు గీత దాటాక 3, 4 అంగుళాల్లో రావాలి.

మచ్చ కుడివైపునే పడుతుంటే చేతుల్ని ముందుకు తోయకండి. బరువు ఇంకా కుడి కాలి మీద కూర్చుందని అర్థం. వెనక్కి ఊపడం పూర్తి కాకముందే ఎడమ మడమను నేలకి నొక్కడం మొదలుపెట్టి మళ్లీ గీత గీయండి. పది ఊపుల్లో ఏడెనిమిది గీత మీద మొదలయ్యేదాకా బంతి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆ తర్వాత బంతికి జానెడు వెనక మడత పెట్టిన తువ్వాలు ఉంచి కొట్టండి. క్లబ్ దాన్ని తాకకూడదు.

ఎప్పుడో ఒకసారి

షాఫ్ట్ (క్లబ్ కర్ర) మరీ గట్టిది, క్లబ్ లై కోణం (నేల మీద పెట్టినప్పుడు కర్ర వాలే కోణం) సరిపోలేదు, పొడుగు తేడా: ఇవి ఉంటాయి గానీ పైవన్నీ చూశాక కూడా మిగిలితేనే. కొత్త సెట్టు కొనే ముందు ముగ్గు గీత ఫొటో పంపండి. మోచేయి నొప్పి రెండు వారాలకి మించి ఉంటే గచ్చు మీద వేసిన పలచటి మ్యాట్ మీద కొట్టడం ఆపేసి డాక్టరుకి చూపించుకోండి.