సాకేను సమంగా వెచ్చబెట్టే పద్ధతి

జపాను బియ్యపు మద్యమైన సాకేను మైక్రోవేవ్‌లో వెచ్చబెడితే పైభాగం కాగిపోయి, అడుగున గోరువెచ్చగానే మిగులుతుంది. ఒక గుక్కకూ మరో గుక్కకూ రుచి మారిపోతుంది.

ఇందుకు జపానులో పూర్వం నుంచీ ఉన్న వేడినీళ్ల పద్ధతే మేలు. తొక్కురి అనే సన్నమెడ పింగాణీ కూజాలో 180 మిల్లీలీటర్ల సాకే పోసి, వేడికి పైకి పొంగుతుంది కనుక మెడ దగ్గర కాస్త ఖాళీ ఉంచి, గిన్నెలో నీళ్లు మరిగించి పొయ్యి ఆర్పిన తరువాతనే, ఆ నీళ్లు కూజా మెడ కిందివరకు వచ్చేలా అందులో నిలబెట్టాలి. రెండు మూడు నిమిషాలకు సాకే సుమారు 40 నుంచి 45 డిగ్రీలకు చేరుతుంది. కూజా మందాన్ని బట్టి కొంత తేడా రావచ్చు కాబట్టి, పైకి తీసి తుడిచి, అడుగున వేలు ఆనించి చూడాలి. చురుక్కుమనకుండా వేడిగా తగిలితే చాలు. దీనిని ఒచోకో అనే చిన్న పింగాణీ గిన్నెలలో కొద్దికొద్దిగా వంచుకోవాలి. అవి రెండు మూడు గుక్కలే పడతాయి కనుక చల్లారేలోపే ఖాళీ అవుతాయి.

జున్‌మాయ్, హొన్‌జోజో రకాలకు ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. అయితే పండ్ల సువాసన గల గింజో, దైగింజో రకాలను ఇలా వేడి చేస్తే, వాటికి అంత ధర పెట్టించిన ఆ పరిమళమే చాలావరకు ఎగిరిపోతుంది. వాటిని ఫ్రిజ్‌లోంచి తీసి కొద్దిసేపు బయట ఉంచి, 10 నుంచి 15 డిగ్రీల మధ్య, వాసన నిలిచేలా పైన కొంచెం ముడుచుకున్న వైన్ గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి తాగడం మంచిది.