స్కూల్ స్టాఫ్‌ని విండోస్ నుంచి లినక్స్‌కి మార్చాలంటే ఏం చేయాలి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ అయిపోయింది కదా, స్కూళ్ళలో ఉన్న పాత సిస్టమ్స్‌లో విండోస్ 11 పెడదామంటేనేమో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదనో ప్రాసెసర్ సరిపోదనో ఆగిపోతుంది. కొత్తవి కొనే డబ్బుల్లేక, విండోస్ బదులు ఉచితంగా వాడుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ వైపు చూసేవాళ్ళు చాలామందే. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 ఉంటే హాయిగా నడుస్తుంది, మింట్‌లో వచ్చే సినమన్ అనే డెస్క్‌టాప్‌లో మెనూ బటన్ ఎడమవైపు కిందే ఉంటుంది కాబట్టి చూడగానే ఇదేదో తెలిసిందేలా ఉందే అనిపిస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. అసలు తలనొప్పి ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లో మొదలవుతుంది, అది ఎవరి నెత్తిన పడిందో వాళ్ళ కోసం ఇది (మామూలుగా కంప్యూటర్ టీచర్ నెత్తినే పడుతుంది, ఇంకెవరూ దొరకరు కాబట్టి).

ముందు అర్థం చేసుకోవాల్సింది ఏంటంటే, స్టాఫ్‌కి ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిలేదు. వాళ్ళకి కావాల్సింది మార్కుల లిస్టు, క్వశ్చన్ పేపర్, టీసీ, ఫీజు రసీదు. రోజూ వెళ్ళే దారి మూసుకుపోయిందేమో అన్నదే వాళ్ళ భయం. అందుకే లినక్స్ ఎంత గొప్పదో, వైరస్‌లు ఎంత తక్కువో లెక్చర్ ఇస్తే ఎవరూ వినరు. ఎవరి పని ఏంటో పట్టుకుని ఆ పని కొత్త సిస్టమ్‌లో ఎలా అవుతుందో చూపిస్తే చాలు.

ఆ పని ఏంటో తెలుసుకోవడానికి "మేడం, మీరు కంప్యూటర్‌లో ఏం చేస్తుంటారు" అని అడిగితే "ఏముంది సార్, మామూలు పనులే" అంటారు. అడగొద్దు, పక్కన కూర్చుని చూడండి. క్లర్క్ గారు పాత టీసీ ఫైల్ తెరిచి పేరు మార్చి ప్రింట్ కొట్టి సేవ్ చేయకుండా మూసేస్తారు, ఆ ఫైల్ డెస్క్‌టాప్ మీద న్యూ ఫోల్డర్ లోపల ఇంకో న్యూ ఫోల్డర్‌లో ఉంటుంది. మ్యాథ్స్ సార్ వాడే ఎక్సెల్ షీట్‌లో ఎప్పుడో వెళ్ళిపోయిన ఎవరో రాసిన మాక్రో (పని దానంతటదే అయ్యేలా రాసిన చిన్న ప్రోగ్రామ్) ఉంటుంది. ఇవన్నీ కాగితం మీద రాసుకోండి, ఒక్కొక్కరికి ఏ ఫైల్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెబ్‌సైట్, ఏ ప్రింటర్ అని. ఆ కాగితమే మీ ప్లాన్.

ఆ లిస్టులో కొన్ని లినక్స్‌లో నడవనివి తేలతాయి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కావచ్చు, అటెండెన్స్ మెషిన్‌తో వచ్చిన ప్రోగ్రామ్ కావచ్చు. ఎక్సెల్ మాక్రోలు లిబ్రేఆఫీస్‌లో (మింట్‌తో వచ్చేది, ఎంఎస్ ఆఫీస్ బదులు వాడేది) కొన్ని పనిచేస్తాయి కొన్ని చేయవు, ముందే టెస్ట్ చేసి చూడాలి. ఇలాంటి వాటికోసం ఆఫీసులో ఒక మంచి సిస్టమ్ విండోస్ 11తో ఉంచేయండి, అందరినీ ఒకేసారి మార్చి తీరాలి అనే పంతం వద్దు. ఆ ఒక్క సిస్టమ్ ఉందని తెలిస్తేనే సగం గొడవ తగ్గుతుంది.

హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసే ముందు అందరూ మర్చిపోయేది పాస్‌వర్డ్‌లు. స్టాఫ్‌లో చాలామందికి వాళ్ళ పోర్టల్ పాస్‌వర్డ్ తెలీదు, బ్రౌజర్‌కి తెలుసు అంతే, అది కాస్తా తుడిచేస్తే ఆ గొడవ మీ మీదకే వస్తుంది. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉందేమో చూడండి, లేకపోతే సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేయించండి, వాళ్ళ ముందే, వాళ్ళ చేతే. ఆ సీఎస్‌వీ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి కాబట్టి కొత్త దాంట్లో ఇంపోర్ట్ అవ్వగానే డిలీట్ చేయాలి, ట్రాష్‌లోంచి కూడా. బుక్‌మార్క్‌లు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎలాగూ కాపీ చేస్తారు.

ఇక తెలుగు. మన దగ్గర పెద్ద చిక్కు ఇదే. క్వశ్చన్ పేపర్లు అను ఫాంట్స్‌లో కొట్టి ఉంటే అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు సరిగ్గా కనపడే పద్ధతి) కాదు, ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే అంతా పిచ్చి అక్షరాలే. ఫాంట్ ఫైల్ మింట్‌లో వేస్తే చదవడానికి, ప్రింట్‌కి సరిపోవచ్చు గానీ ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. పాత పేపర్లని ఆ విండోస్ సిస్టమ్ మీదే వదిలేసి కొత్తవి యూనికోడ్‌లో మొదలుపెట్టించడం నా ఓటు. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తులు అక్కడక్కడా తేడా వస్తాయి, తెలుగు టీచర్ ఒకసారి ప్రూఫ్ చూడాల్సిందే. టైపింగ్‌కి మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ ఉంది, ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉన్నవాళ్ళకి ఐబస్‌తో (భాషల టైపింగ్ చూసుకునే ప్రోగ్రామ్) పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసి ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టండి. ఇది వాళ్ళు వచ్చి కూర్చునే ముందే రెడీగా ఉండాలి, మొదటి రోజు తెలుగు పడకపోతే రెండో రోజు ఎవరూ రారు.

అలాగే లిబ్రేఆఫీస్ కూడా ముందే సర్దిపెట్టండి. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్ సేవ్, జనరల్‌కి వెళ్ళి డాక్యుమెంట్లు ఎప్పుడూ వర్డ్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టండి, స్ప్రెడ్‌షీట్‌కి విడిగా ఎక్సెల్ ఫార్మాట్ పెట్టాలి, ఇది మర్చిపోతే బయటికి పంపిన ఫైల్ అక్కడ సరిగ్గా ఓపెన్ అవ్వలేదని ఫోన్లు వస్తాయి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళి ట్యాబ్డ్ ఎంచుకుంటే పైన బటన్లు ఇంచుమించు ఎంఎస్ ఆఫీస్ లాగే కనిపిస్తాయి. డెస్క్‌టాప్ మీద రైటర్ ఐకాన్ పేరు మార్చి "వర్డ్" అని, కాల్క్‌కి "ఎక్సెల్" అని పెట్టేయండి, లినక్స్ వీరాభిమానులు తిడితే తిట్టనివ్వండి. సీ డ్రైవ్, డీ డ్రైవ్ కనపడవు కాబట్టి ఒక్కొక్కరి పాత ఫోల్డర్‌కి డెస్క్‌టాప్ మీదే షార్ట్‌కట్ ఇవ్వండి. ప్రింటర్ పెట్టి టెస్ట్ పేజీ తీయండి, ఒక్కసారి కాదు, రెండు వైపులా ప్రింట్ కూడా.

అందరికీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వొద్దు, మామూలు యూజర్ అకౌంట్ చాలు. మింట్‌లో ఉండే టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఇప్పుడున్న స్థితికి కాపీ) తీసి పెట్టుకుంటే ఏదైనా అప్‌డేట్ తేడా కొట్టినా వెనక్కి వెళ్ళొచ్చు. అది సిస్టమ్ ఫైల్స్‌కే, క్లర్క్ గారి ఫైల్స్‌కి కాదు, వాటి బ్యాకప్ వేరే ఉండాలి.

టైమింగ్ విషయానికొస్తే పరీక్షలప్పుడు, మార్కుల ఎంట్రీ వారంలో అసలు ముట్టుకోవద్దు. సెలవుల చివర్లో, స్టాఫ్ వచ్చి పిల్లలు రాని రోజులు ఉంటాయి చూడండి, అవి బెస్ట్.

నేర్పించేటప్పుడు ప్రొజెక్టర్ పెట్టి అందరికీ కలిపి క్లాస్ చెప్తే తలలూపి వెళ్ళిపోతారు, ఈత ఒడ్డున నిలబడి చెప్తే వస్తుందా. ముగ్గురు నలుగుర్ని పిలిచి, అరగంట ముప్పావుగంట, వాళ్ళ సొంత ఫైల్‌తో వాళ్ళ పని చేయించండి. మౌస్ వాళ్ళ చేతిలోనే ఉండాలి, ఎంత చిరాకొచ్చినా లాక్కోవద్దు. "సార్, పైన ఎడమవైపు చూడండి" అని చెప్పి ఆగండి, వెతుక్కోనివ్వండి. పాతికేళ్ళ సర్వీస్ ఉన్న సీనియర్ మేడం పిల్లల ముందో జూనియర్ల ముందో తడబడితే ఆ తర్వాత డౌట్ అడగరు, అలాంటి వాళ్ళకి విడిగా టైమ్ ఇవ్వండి, ఎవరూ లేనప్పుడు. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ, కంట్రోల్ జెడ్, ఆల్ట్ ట్యాబ్ అన్నీ అలాగే పనిచేస్తాయని మొదటి నిమిషంలోనే చెప్పేయండి, మొహాలు తేలికపడతాయి.

ఒక్క కొత్త అలవాటు మాత్రం గట్టిగా నేర్పాలి, పెన్ డ్రైవ్ ఎజెక్ట్ కొట్టకుండా పీకకూడదు. లినక్స్‌లో కాపీ అయిపోయినట్టు చూపించినా వెనకాల ఇంకా రాస్తూ ఉండొచ్చు, అప్పుడు పీకితే ఫైల్ పాడవుతుంది, నింద మాత్రం కొత్త సిస్టమ్ మీద పడుతుంది. మానిటర్ పక్కన అతికించే కాగితంలో మొదటి లైన్ ఇదే రాయండి, ఇంకో నాలుగు లైన్లు చాలు, పేజీ నింపితే చదవరు.

స్టాఫ్‌లోనే ఒకరిని హెల్ప్‌కి పెట్టుకోండి, బాగా టెక్నికల్ తెలిసినవాళ్ళని కాదు, ఓపిగ్గా చెప్పేవాళ్ళని.

మొదటి రెండు వారాలు కంప్లైంట్లు వస్తూనే ఉంటాయి. "ఫైల్ పోయింది" అంటే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది. "పేపర్ రెండు పేజీలది మూడు పేజీలయింది" అంటే ఫాంట్ గొడవ. కాలిబ్రి లేకపోతే లిబ్రేఆఫీస్ దాని బదులు కార్లిటో వాడుతుంది, ఆ అక్షరాల వెడల్పు కాలిబ్రికి సరిపోయేలా చేసిందే, ఆ ఫాంట్ ఉందో లేదో చూసి లేకపోతే వేయండి. టైమ్స్ న్యూ రోమన్‌కి లిబరేషన్ సెరిఫ్ అలాగే. ప్రింటింగ్‌కి పంపేవి పీడీఎఫ్ చేసి పంపడం అలవాటు చేయించండి, అప్పుడు ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది.

మీ సిస్టమ్స్ కొత్తవే, విండోస్ 11కే వెళ్తున్నారు అంటే పని ఇందులో పావు వంతే. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ పెడితే స్టార్ట్ బటన్ పాత చోటికి వస్తుంది. రైట్ క్లిక్‌లో కట్, కాపీ పాత చోట కనపడక వెతుక్కుంటారు, అవి మెనూ అంచున వరసగా చిన్న బొమ్మలయ్యాయని చూపించండి, పాత మెనూ కావాలంటే షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి. తెలుగుకి ఫోనెటిక్ కీబోర్డ్ అందులోనే ఉంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు యాడ్ చేసి దాని కింద ఎంచుకోవాలి, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది.