నొప్పి మాత్రలైనా హెరాయిన్ అయినా, ఆ అలవాటు నుంచి నిలకడగా బయటపడాలంటే

మా తమ్ముడికి కాలు విరిగి ఆపరేషన్ అయినప్పుడు డాక్టర్ రాసిచ్చిన నొప్పి మాత్రలు పది రోజులకే. ఆ పది రోజులు అయిపోయాక కూడా వాడు అవే మాత్రలు ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుని వేసుకుంటున్నాడని మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. రెండుసార్లు డీటాక్స్‌కి, అంటే ఒంట్లోంచి మందు దిగిపోయేదాకా చేసే చికిత్సకి పంపాం. రెండుసార్లూ ఇంటికొచ్చి నెల తిరక్కుండానే మళ్ళీ మొదలుపెట్టాడు, రెండోసారైతే ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఒంట్లోంచి మందు దిగిపోతే జబ్బు తగ్గిపోయినట్టే అనుకోవడం మేం చేసిన తప్పు. ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు అసలు సంగతి తెలుసుకోండి. నల్లమందు, దాన్నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్, హెరాయిన్, ల్యాబుల్లో తయారయ్యే ట్రమడాల్, ఫెంటానిల్ ఇవన్నీ ఒక కుటుంబమే, వీటిని కలిపి ఓపియాయిడ్లు అంటారు. ఇవన్నీ మెదడులో పనిచేసేది ప్రధానంగా ఒకే రకం రిసెప్టార్ల మీద, అంటే మందు వచ్చి అతుక్కునే చోట్ల మీద. నొప్పిని అణచడానికి శరీరం సొంతంగా ఎండార్ఫిన్లు తయారుచేసుకుంటుంది, ఆ రిసెప్టార్లు నిజానికి వాటికోసం ఉన్నవి. బయటి నుంచి రోజూ పెద్ద మోతాదులో మందు వచ్చి పడుతుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, నిన్న సరిపోయిన మాత్ర ఇవాళ సరిపోదు. మందు బ్రేక్ తొక్కుతుంటే మెదడు దానికి పోటీగా యాక్సిలరేటర్ తొక్కుతూ ఉంటుందన్నమాట. బ్రేక్ ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుందో ఊహించుకోండి, విత్‌డ్రాయల్ అంటే అదే.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో గందరగోళపడతారు. క్యాన్సర్ నొప్పికి నెలల తరబడి మార్ఫిన్ వాడే మనిషికి కూడా మందు ఆపితే విత్‌డ్రాయల్ వస్తుంది, అంతమాత్రాన అది వ్యసనం కాదు. వద్దనుకున్నా ఆపలేకపోవడం, పని పోతున్నా, ఇంట్లో గొడవలవుతున్నా, ఆరోగ్యం చెడుతున్నా వాడుతూనే ఉండటం, రోజులో సగం ఆ మందు సంపాదించుకోవడానికే పోవడం, ఇవీ వ్యసనం గుర్తులు. డాక్టర్లు 11 లక్షణాల జాబితా దగ్గర పెట్టుకుని చూస్తారు. ఏడాదిలో వాటిలో రెండు కనిపించినా సమస్య ఉన్నట్టే, ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే తీవ్రమైనట్టు.

ఇక ఆపినప్పుడు ఏం జరుగుతుందంటే, హెరాయిన్ లాంటి త్వరగా దిగిపోయే మందులైతే 8 నుంచి 12 గంటల్లో మొదలవుతుంది. మా వాడికి మొదట వచ్చేవి ఆవలింతలు. నిద్ర వచ్చే ఆవలింతలు కావవి, దవడ పట్టేసేలా ఒకదాని వెనక ఒకటి, కళ్ళ నుంచి నీళ్ళు, ముక్కు కారడం. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకునేవి, ఒకసారి దుప్పటి కప్పమంటాడు, ఇంకోసారి తీసి పారేస్తాడు, రాత్రంతా కాళ్ళు పీకుతుంటే గోడకి తన్నుకుంటూ పడుకునేవాడు. తర్వాత వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. రెండో రోజు, మూడో రోజు నరకం, వారం అయ్యేసరికి చాలావరకు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి దీనివల్ల ప్రాణం పోవడం అరుదే, కానీ ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకోవాలి. గర్భిణులు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపడం అస్సలు వద్దు. మద్యమో నిద్రమాత్రలో కూడా రోజూ వాడేవాళ్ళు ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు, అవి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

సరే, ఆ వారం గడిచింది. ముఖం తేటగా ఉంది, అన్నం తింటున్నాడు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిజానికి అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. తట్టుకునే శక్తి పడిపోయి ఉంటుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. ఒక బలహీనమైన సాయంత్రం పాత మోతాదే వేసుకుంటే శ్వాస ఆగిపోవచ్చు. డీటాక్స్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాల్లో ఓవర్‌డోస్ చావులు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. మా తమ్ముడి విషయంలో జరిగిందీ ఇదే. డిశ్చార్జ్ చేసినప్పుడు ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు, చేతిలో విటమిన్ మాత్రలు పెట్టి పంపేశారు. ఆ కోపం నాకింకా పోలేదు.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్నాళ్ళలో మాన్పిస్తారు" అని కాదు, "మానిన తర్వాత ఏ మందు మీద ఉంచుతారు" అని. దారులు ముఖ్యంగా మూడు.

మొదటిది బుప్రెనార్ఫిన్. ఇది కూడా ఓపియాయిడే, కాకపోతే రిసెప్టార్‌ని సగం మాత్రమే పనిచేయిస్తుంది, కానీ గట్టిగా పట్టుకుంటుంది. కోరిక తగ్గుతుంది, విత్‌డ్రాయల్ ఆగుతుంది, ఒక మోతాదు దాటాక ఎంత వేసుకున్నా శ్వాస మీద ప్రభావం పెద్దగా పెరగదు. దీంతో చిక్కల్లా మొదలుపెట్టే సమయం. ఒంట్లో హెరాయినో మరొకటో ఇంకా నిండుగా ఉండగా వేసుకుంటే ఇది దాన్ని నెట్టేసి కూర్చుంటుంది, అరగంటలో ఘోరమైన విత్‌డ్రాయల్ తన్నుకొస్తుంది. "ఆ మందు నాకు పడలేదు" అని పారిపోయినవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. అందుకని మొదటి మాత్రకి ముందు కనీసం 12 గంటలు ఆగి, ఆవలింతలు, చెమటలు, ముక్కు కారడం స్పష్టంగా మొదలయ్యాకే ఇస్తారు, మెథడోన్ మీదో ఫెంటానిల్ మీదో ఉన్నవాళ్ళ లెక్క వేరు. చివరిసారి ఎప్పుడు, ఏది, ఎంత వాడారో డాక్టర్‌కి అబద్ధం చెప్పకండి, పరువు కోసం చెప్పే అబద్ధం ఇక్కడ మీకే తిప్పికొడుతుంది. మాత్ర మింగకూడదు, మింగితే చాలావరకు వృథా. ముందు కాస్త నీళ్ళతో నోరు తడిపి, నాలుక కింద పెట్టుకుని, పూర్తిగా కరిగేదాకా ఐదు పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కరిగాక నీళ్ళు పుక్కిలించి మింగండి, పళ్ళు తోముకోవడానికి గంట ఆగండి, లేకపోతే ఏళ్ళ తరబడి వాడకంలో పళ్ళు పాడవుతాయి.

రెండోది మెథడోన్, 1960ల నుంచీ వాడుకలో ఉంది. ఇది పూర్తి ఓపియాయిడ్, నెమ్మదిగా పనిచేస్తుంది, రోజుకొకసారి సాధారణంగా క్లినిక్‌లో కళ్ళముందే తాగిస్తారు. చాలా ఎక్కువ మోతాదు వాడినవాళ్ళకి, బుప్రెనార్ఫిన్‌తో నిలబడలేనివాళ్ళకి మంచిది. మోతాదు నెమ్మదిగా పెంచాలి, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది కాబట్టి గుండె జబ్బులుంటే ముందే చెప్పండి, ఈసీజీ తీస్తారు.

మూడోది నాల్ట్రెక్సోన్. ఇందులో మత్తు ఏమీ లేదు, రిసెప్టార్లకి తాళం వేస్తుంది. అయితే 7 నుంచి 10 రోజులు ఏ ఓపియాయిడూ ముట్టకుండా ఉంటేనే మొదలుపెట్టాలి, చాలామంది ఆ గీత దాకా వెళ్ళలేరు. రోజూ మాత్ర అయితే ఎగ్గొట్టేస్తారు, నెలకో ఇంజెక్షన్ నయం.

"ఒక మత్తు పోయి ఇంకో మత్తు తగిలించుకున్నట్టే కదా" అని మా బంధువులు అననివాళ్ళు లేరు. నేను చూసింది చెప్తా. అంతకుముందు వాడి రోజంతా తర్వాతి మాత్ర ఎలా అన్న టెన్షన్‌తోనే గడిచేది. ఇప్పుడు పొద్దున్నే పది నిమిషాలు మాత్ర కరిగించుకుని పనికి వెళ్తాడు, రాత్రి దాకా దాని ఊసే ఉండదు. బుప్రెనార్ఫిన్, మెథడోన్ రెండింటినీ 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చికిత్సలో కొనసాగినంతకాలం చావు ముప్పు బాగా తగ్గుతుందని పదేపదే తేలింది, ఆపేస్తే మళ్ళీ పెరుగుతుందనీ తేలింది.

మందుతో పాటు కౌన్సెలింగ్ కావాలి, కానీ కౌన్సెలర్ దొరికేదాకా మందు ఆపుకుని కూర్చోకండి. ఎవరిని చూస్తే, ఏ వేళప్పుడు, ఏ గొడవ తర్వాత కోరిక పుడుతుందో కాగితం మీద రాసి పెట్టుకోండి, కౌన్సెలింగ్‌లో చాలావరకు జరిగేది దాని మీద పనే. ఈ చికిత్స మందులేవీ లేకుండా మానినవాళ్ళలో చాలామందికి నెలల తరబడి నిద్ర పట్టదు, దేనిమీదా ఆసక్తి ఉండదు, అది సోమరితనం కాదు. ఇంట్లోవాళ్ళు జేబులు వెతకడం, ఒట్లు వేయించుకోవడం మానేసి అపాయింట్‌మెంట్‌కి తోడు వెళ్ళండి. మేం ఒట్లు చాలా వేయించుకున్నాం, పనికి రాలేదు.

ఓవర్‌డోస్ అయినప్పుడు ఓపియాయిడ్ ప్రభావాన్ని కాసేపు తిప్పికొట్టే మందు నాలక్సోన్. ఇంట్లో దాని ముక్కు స్ప్రే ఒకటి ఉంచండి, వాడేవాళ్ళకే కాదు, మానినవాళ్ళున్న ఇంట్లో కూడా. మనిషి పిలిచినా, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దినా కదలకపోవడం, శ్వాస ఎప్పుడో ఒకసారి గురకలా రావడం, పెదాలు నీలంగా మారడం, కంటి పాప గుండుసూది మొనంత అయిపోవడం, ఇవి చూశారంటే ఆలోచించకుండా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, ఒక ముక్కు రంధ్రంలో స్ప్రే పూర్తిగా కొట్టండి, నోటితో శ్వాస అందించండి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే ఇంకో డోసు. శ్వాస అందుకున్నాక పక్కకి తిప్పి పడుకోబెట్టి అక్కడే ఉండండి, ఎందుకంటే నాలక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే, అది దిగిపోయాక లోపలున్న మందు మళ్ళీ ముంచేయొచ్చు.

మళ్ళీ జారిపడితే డాక్టర్‌కి అదే రోజు చెప్పండి. మోతాదు చాలకపోయి ఉండొచ్చు, దాన్ని పెంచితే సరిపోవచ్చు. బుప్రెనార్ఫిన్ మీద ఉన్నవాళ్ళు మద్యం, నిద్రమాత్రలు కలపకండి, అవి దీనితో కలిస్తే శ్వాస విషయంలో పైన చెప్పిన రక్షణ పనిచేయదు.

ఎన్నాళ్ళు వాడాలి అంటే, ఏళ్ళు. కొందరు జీవితాంతం. తగ్గించాలనిపిస్తే ఇల్లు, పని, నిద్ర అన్నీ కుదురుగా ఉన్నప్పుడు, డాక్టర్‌తో కలిసి, నెలల మీద కొంచెం కొంచెంగా, ఇబ్బంది అనిపిస్తే ఉన్న చోటే ఆగుతూ. మా తమ్ముడికి మూడేళ్ళవుతోంది, బుప్రెనార్ఫిన్ 8 మిల్లీగ్రాముల నుంచి 6కి దిగాడు, పోయిన నెల నిద్ర చెడితే మళ్ళీ 8కి వెళ్ళాడు.