ఫాంటసీ నవల రాద్దాం – 4వ పాఠం: పేర్ల పట్టీ

గోల్కొండ కోటకున్న ఎనిమిది దర్వాజాలను మనసులో పెట్టుకొని, గత పాఠంలో మన కల్పిత దుర్గానికి కూడా ఎనిమిది ద్వారాలు గీసుకున్నాం. ద్వారానికొక అధిపతి, అతనికొక ఉపనాయకుడు, ఇంట్లో ఇద్దరేసి మనుషులు అనుకున్నా, కథ మొదలు కాకముందే ముప్పై రెండు పేర్లు కావాలి.

ముందు నా పొరపాటు చెబుతాను. నా తొలి నవలలో వీరసేనుడు, వీరవర్మ, విజయసేనుడు, విజయవర్మ అని నలుగురు ఉండేవారు. ఏడో అధ్యాయంలో నేను చంపేసిన వీరసేనుడు పంతొమ్మిదో అధ్యాయంలో తాపీగా గుర్రానికి ఉలవలు పెడుతూ కనిపించాడు. చిక్కడపల్లి గ్రంథాలయం మెట్ల మీద కూర్చొని రాతప్రతి చదువుతున్న మిత్రుడు “ఈయన దయ్యమా?” అని అడిగేదాకా ఆ సంగతి నాకే తెలియలేదు.

పాఠకుడు పేరును కూడబలుక్కొని చదవడు; తొలి అక్షరాన్నీ పేరు పొడవునూ కంటితో పట్టుకొని ముందుకు సాగిపోతాడు. తెలుగు కథనంలో మగవారి పేర్లు చాలావరకు డుకారంతోనే ముగుస్తాయి కనుక పేరు చివరి భాగం ఆనవాలుకు పనికిరాదు, భారమంతా మొదటి హల్లు మీదే పడుతుంది. గుణింతం మార్చినంత మాత్రాన చాలదు. ధృతరాష్ట్రుని కొడుకుల్లో దుస్సహుడెవరో, దుర్ముఖుడెవరో, దుర్మర్షణుడెవరో మనకు గుర్తుండదు. వికర్ణుడు మాత్రం గుర్తుంటాడు, ఎందుకంటే పేరు వేరుగా ఉండటమే కాక, నిండు సభలో ద్రౌపది పక్షాన నోరు విప్పినవాడు అతను. అందుకే మన అధిపతుల్లో ఒకరిని కాటన అనీ, ఒకరిని చంద్రాయుధుడనీ, ఒకరిని బొల్లమ్మ అనీ పిలుద్దాం.

ఇక పట్టీ. పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి తీసుకొని మనిషికొక పేజీ కేటాయించండి. కళ్ల రంగు రాసుకోవడం నాకు దండగనిపిస్తుంది. మన కథల్లో అందరివీ నల్లకళ్లే కదా. రాసుకోవలసింది ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్నది. చంద్రాయుధుడిని తల్లి “చంద్రా” అంటుంది, సైనికులు “దొరా” అంటారు, కాటన చాటుగా “వాడు” అంటాడు, కథకుడు మొదటినుంచి చివరిదాకా “అతను” అనే అంటాడు. కథకుడు ఒక చోట “అతను వచ్చాడు” అనీ, మరో చోట “ఆయన వచ్చారు” అనీ రాస్తే, కొత్త మనిషెవరో గదిలోకి వచ్చాడనుకొని పాఠకుడు వెనక్కి తిరిగి పేజీలు తిప్పుతాడు. ఈ పట్టీ సరిగ్గా ఉంటే మరో లాభం కూడా ఉంది: పన్నెండు అధ్యాయాలపాటు “మీరు” అన్న బొల్లమ్మ పదమూడో అధ్యాయంలో “నువ్వు” అన్నదంటే, తెగిపోయిన స్నేహాన్ని వర్ణించడానికి వేరే పేరా అక్కరలేదు.

ఒకే మనిషికి రెండో పేరు పెట్టదలిస్తే దానికొక సందర్భం కల్పించండి. ఉరుము ఉరిమితే “అర్జున, ఫల్గుణ” అని జపించే ఇళ్లలో పెరిగిన మనకు అర్జునుని పది పేర్లు బరువనిపించవు. విరాటపర్వంలో ఉత్తరుడు అడగ్గా, ఏ పేరు ఎందుకు వచ్చిందో అర్జునుడే చెబుతాడు.

పేజీ అడుగున ఆ పాత్ర చివరిసారి కనిపించిన అధ్యాయం సంఖ్య వేయండి. చనిపోతే ఎర్ర సిరాతో.

అభ్యాసం: మిగిలిన ఐదుగురు అధిపతులకు పేర్లు పెట్టి, ఎనిమిది మందినీ ఒక సంభాషణలో కూర్చోబెట్టండి. దానిని ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించి, వారు ఏ పేరు దగ్గర ఆగారో గుర్తు పెట్టుకోండి. ఆ కాగితంతోనే వచ్చే పాఠంలో యుద్ధ సన్నివేశం మొదలుపెడదాం.