నెక్ సైజింగ్ డై బిగించే ముందు

నవంబరులో టెక్సస్‌లో జింకల వేట సాధారణ సీజన్ మొదలవుతుంది. ఇంట్లో తూటాలు చేసుకునే మనవాళ్ళు ఇవి చూసుకోండి. నెక్ సైజింగ్ డై అంటే పేల్చిన కేసు (తూటా ఇత్తడి తొడుగు) మెడను మాత్రమే నొక్కి, మళ్ళీ బుల్లెట్ పట్టేలా సన్నం చేసే అచ్చు.

– సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు నెక్ సైజింగ్ వద్దే వద్దు. బోల్ట్ (తూటా వెనక మూసుకునే కడ్డీ) పూర్తిగా మూసుకోకముందే పేలే ప్రమాదం ఉంది. ఈ పద్ధతి చేత్తో బోల్ట్ మూసే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కే.

– మీ రైఫిల్లో పేల్చిన కేసులే వాడండి. వేరే రైఫిల్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) సాగిన ఇత్తడి మీదాంట్లో పట్టకపోవచ్చు.

– బుషింగ్ (డైలో మెడను నొక్కే రింగు) సైజు ఊహించి కొనకండి. బుల్లెట్ కూర్చిన తూటా మెడ కొలిచి 0.002 అంగుళం తగ్గించండి: 0.336 వస్తే 0.334. డై ఊపితే బుషింగ్ కదిలిన చప్పుడు రావాలి. గట్టిగా బిగిస్తే అది మెడకు తగ్గట్టు సర్దుకోదు. గురికి ఇదే ప్రాణమని నా నమ్మకం.

– డైలో ఎక్స్‌పాండర్ (మెడను లోపలి నుంచి సరిచేసే గుండు) ఉంటే మెడ లోపల కాస్త లూబ్ (జారుడు పదార్థం) రాయండి. పొడిగా లాగితే మెడ వంకరపోతుంది.

– బోల్ట్ మూయడం బరువైతే కేసు మొత్తాన్ని నొక్కే ఫుల్ లెంగ్త్ డై వాడాల్సిందే.