కలివికాయల పాఠాలు – 3: చెర్రీలు చేయడం

పోయిన పాఠంలో పప్పు, ఊరగాయ అయిపోయినాయి. రెండూ కలిపినా గంపలో పావు వంతు తరగదు. కడప పక్క నిమ్మతోటకు కలివి కంచె వేసుకున్న ఇంట్లో వాళ్లకు ఈ కష్టం తెలుసు. వానలు పడినాక కంపంతా ఒక్కసారే ఎర్రబారుతుంది. పదైదు దినాల్లో ఏం చేసుకున్నా చేసుకోవాలి. కోస్తావాళ్లు వాక్కాయ అనేది దీన్నే.

కేకు మీద, మీఠాపాన్‌లో పెట్టే ఎర్రని ‘చెర్రీ’ చాలాచోట్ల మన కలివికాయే. గింజ తీసి, రంగు వేసి, చక్కెర పాకంలో ఊరబెడతారు. అసలు పుల్లచెర్రీ చలిదేశాల పంట. టర్కీలో, తూర్పు ఐరోపాలో అది కుప్పలుగా వచ్చిపడితే వాళ్లూ గింజ తీసి పాకంలోనే దాచుకుంటారు. పులుపు, సైజు దగ్గరగా ఉండబట్టే మన కాయ దాని చోట కూర్చుంది.

కాయలు సగం తెలుపు, సగం గులాబీగా, వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. నల్లబడిన పండు పాకంలో చితికిపోతుంది, దాన్ని వేరే గిన్నెలో తీసిపెట్టండి. కోత మీ కంచె వరకే. కడప జిల్లా లంకమల అడవిలో కలివి పొదల జోలికి పోవద్దని మరోసారి చెప్తున్నా. అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనబడింది ఆ పొదల మధ్యనే. దాని పేరులోనే కలివి ఉంది.

చేతులకు నూనె రాసుకోండి, లేకుంటే కాయ నుంచి కారే పాలు అంటుకుని వదలవు. కాయకు నిలువునా ఒక గాటు పెట్టి, రెండు బొటనవేళ్లతో కొంచెం తెరిచి, చెంచా తోకతో లోపల గీకితే పలచటి గింజలు జారి బయటికొస్తాయి. కాయ రెండు ముక్కలు కాకూడదు. పనంతా ఇక్కడే ఉంది. ఇద్దరు ముగ్గురు అరుగు మీద కూర్చుంటే కిలో కాయలు మాటల్లోనే అయిపోతాయి.

గింజ తీసిన కాయలు కిలో ఉంటే లీటరు నీళ్లలో చిన్న గుప్పెడు రాళ్లుప్పు కరిగించి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి చూస్తే నీళ్లు పాలవిరుగుడులా ఉంటాయి. వంపేసి, మూడు నీళ్లలో కడిగి, మరిగే నీళ్లలో 3 నిమిషాలు ఉంచి వడకట్టండి. గిన్నె స్టీలుదే కావాలి. ఇంత పులుపును అల్యూమినియంలో పెట్టకూడదు.

ఇక చక్కెర. మొత్తం కిలో పడుతుంది కానీ ఒక్కరోజే పోయొద్దు. నేను మొదటి ఏడాది చేసిన తప్పు అదే. ముదురు పాకం కాచి కాయలన్నీ అందులో వేసినా. సాయంత్రానికి కాయలు ముడుచుకుపోయి చింతగింజల్లా గట్టిపడినాయి. రెండు కిలోలు పోయినాయి. మా జేజి చూసి, ‘కాయ నీళ్లు వదలాల, చక్కెర తాగాల. రెండిటికీ టైమియ్యకుంటే ఎట్లమ్మీ?’ అనింది. జరిగేది అచ్చం అదే. పాకం చిక్కగా ఉంటే కాయలోని నీరు ఒక్కసారిగా బయటికి లాగేస్తుంది, చక్కెర లోపలికి పోయే వేగం దాన్ని అందుకోలేదు. కాయ కుంచించుకుపోతుంది.

అందుకని మొదటి దినం 400 గ్రాముల చక్కెర కాయల మధ్య పొరలు పొరలుగా చల్లి మూతపెట్టండి. మర్నాటికి గులాబీ నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లను మాత్రం వంచుకుని, 150 గ్రాములు కలిపి, ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా కాయల మీద పోయండి. 3, 4, 5 దినాలు ఇట్లే, రోజుకు 150 గ్రాములు. అయిదో దినం పాకాన్ని తీగ వచ్చేదాకా కాయండి. కాయలో చక్కెర పట్టిందా అని చూడాలంటే ఒకటి తీసి వెలుతురుకు పట్టండి. అద్దంలా మెరిస్తే పట్టినట్టు. మధ్యలో తెల్లగా కనిపిస్తే ఇంకో రెండు దినాలు ఆగండి.

బేకరీ ఎరుపు మీకు రాదు, నాకు అక్కర్లేదు కూడా. కావాలంటే చివరి పొంగు దించినాక, పాకం గోరువెచ్చనైనాక రెండు చెంచాల బీట్‌రూట్ రసం కలపండి. పొయ్యి మీద ఉండగా పోస్తే రంగు చచ్చిపోతుంది.

వారం పాకంలో ఊరనిచ్చి, జల్లెడలో వంచి, పళ్లెంలో నీడపట్టున రెండు దినాలు ఆరబెట్టి సీసాకు ఎత్తండి. ఊరే వారంలో నురగ, పులిసిన వాసన వస్తే పాకం పలచనైనట్టే. వెంటనే వంచి మళ్లీ కాయండి. బూజు పడితే మాత్రం పారబోయండి.

మిగిలిన పాకం పారబోయొద్దు. రెండు చెంచాలు చల్లటి నీళ్లలో కలిపితే షర్బత్. పక్కన పెట్టిన నల్లపండ్లు ఫ్రిజ్‌లో దాచండి, వచ్చే పాఠంలో వాటితో జెల్లీ. జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ ఈ కాయలోనే ఎక్కువ కాబట్టి బయటి పొడి అక్కర్లేదు. పలచటి పాత మల్లు గుడ్డ ఒకటి ఉతికి ఆరేసి ఉంచుకోండి.